ఫోటో తెరిస్తే ఫోను పోతుందా?

నిజామాబాద్: పొద్దు పొడవక ముందే బోధన్, ఆర్మూరు, బాల్కొండ, భీమ్‌గల్ ప్రాంతాల ఇళ్ళల్లో సెల్ ఫోన్లు మోగడం మొదలవుతుంది. దుబాయిలోనో, మస్కట్‌లోనో డ్యూటీ దిగిన కొడుకు పంపిన ఫోటో ఒకటి. బంధువుల గ్రూపులో గులాబీ పువ్వు మీద ‘శుభోదయం’ అని రాసిన బొమ్మ ఒకటి. నిజామాబాద్ మార్కెట్ యార్డులో నిన్నటి పసుపు ధర చూపే ఫోటో ఇంకొకటి. చాయ్ తాగేలోగా పదీ పదిహేను బొమ్మలు వచ్చి పడతాయి. వాటితో పాటే ఒక భయమూ వచ్చి పడింది. ఫోటో తెరిస్తే చాలు, ఫోను దొంగల చేతికి పోతుందట. బ్యాంకులో ఉన్నది ఊడ్చుకుపోతారట.

బస్టాండు దగ్గర ఏ సెల్ ఫోను రిపేరు దుకాణం ముందు కాసేపు నిలబడినా ఈ ధోరణి మాటలు వినవచ్చు.

“తమ్మీ, గుడ్ మార్నింగ్ ఫోటో ముట్టుకుంటె పైసలు పోతయంట గదా, నిజమేనా?”

“ఏమో కాకా, అందరు గట్లనే అంటున్రు. ఎందుకొచ్చిన లొల్లి, అన్నీ డిలీట్ కొట్టు.”

ఈ భయానికి మూలం లేకపోలేదు. 2025 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌లో ఒక యువకుడు వాట్సాప్‌లో వచ్చిన ఫోటో తెరిచి సుమారు 2 లక్షల రూపాయలు పోగొట్టుకున్నాడని పత్రికల్లో వచ్చింది. ఆ వార్తతో పాటు ‘స్టెగనోగ్రఫీ’ అనే నోరు తిరగని మాట కూడా ఊరూరా తిరిగింది. ఫోటోలో కంటికి కనబడకుండా వేరే సమాచారం దాచే విద్యకు ఆ పేరు. అయితే దాచినది తనంత తాను లేచి పనిచేయదు. గడ్డివాములో దాచిన కత్తి తనంత తాను ఎవరినీ పొడవదు కదా. దానిని బయటికి తీసే చెయ్యి ఒకటి కావాలి. ఆ చెయ్యి రెండు విధాలుగా దొరుకుతుంది. ఫోన్లో ముందే చొరబడిన దొంగ యాప్ ఒకటి. ఫోటోను తెరిచి చూపించే మన ఫోనులోని సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న లోపం రెండవది. జనం ఎక్కువగా మాట్లాడుకోనిది ఈ రెండవ దాని గురించే. పాతికేళ్ళుగా పెద్ద పెద్ద కంపెనీలను నిద్ర పోనివ్వకుండా చేస్తున్నదీ అదే.

బొమ్మ కాదు, అంకెల మూట

స్టూడియోల్లో ఫిల్ము కడిగిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. చీకటి గదిలో ఎర్రబల్బు కింద కడిగి, తీగ మీద ఆరేసి ఇచ్చిన ఫోటో కాగితం మాత్రమే. దాన్ని చూసినంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు. నేటి ఫోటో అలాంటిది కాదు. అది అంకెల మూట. 12 మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన ఫోటోలో అడ్డంగా 4 వేలు, నిలువుగా 3 వేలు, వెరసి కోటీ 20 లక్షల చుక్కలుంటాయి. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం చొప్పున మూడేసి అంకెలు వేసుకుంటే 3 కోట్ల 60 లక్షలు. ఇంత బరువు దుబాయి నుంచి బోధన్‌కు పంపాలంటే ఎంతో సమయం పడుతుంది. అందుకని 8 చుక్కలు అడ్డం, 8 చుక్కలు నిలువు ఉన్న చిన్న చిన్న గళ్ళుగా బొమ్మను కోసి, కంటికి ఆనని వివరాలు వదిలేసి, పదే పదే వచ్చే అంకెలకు పొట్టి గుర్తులు పెట్టి నొక్కేస్తారు. పదో వంతుకు దిగుతుంది. దీనికే జేపెగ్ అని పేరు. జిఫ్, పీఎన్‌జీ, వెబ్‌పీ అనేవి ఇదే పని వేర్వేరు పద్ధతుల్లో చేసేవి.

నొక్కిన మూటను ఇవతల మళ్ళీ విప్పాలి. విప్పే సాఫ్ట్‌వేర్‌ను వాట్సాప్ వారు ఒకటి, బ్రౌజరు వారు ఒకటి, గ్యాలరీ వారు ఒకటి ఎవరికి వారు రాసుకోరు. ఎవరో ఒకసారి రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన తయారు సరుకును తెచ్చి బిగించుకుంటారు. ట్రాక్టరు ఏ కంపెనీదైనా బేరింగులు ఒకే చోట నుంచి వచ్చినట్టు. ఇలాంటి తయారు సరుకును సాఫ్ట్‌వేర్ వాళ్ళు ‘లైబ్రరీ’ అంటారు. పుస్తకాలున్న గ్రంథాలయానికీ దీనికీ సంబంధం లేదు. జేపెగ్ విప్పే ఉచిత లైబ్రరీ 1991లో వచ్చింది. లోకంలోని వెబ్‌సైట్లు ఎన్నో వాడే ఇమేజ్‌మ్యాజిక్ అనేదాన్ని 1987లో అమెరికాలోని డూపాంట్ కంపెనీలో పనిచేసే జాన్ క్రిస్టీ మొదలుపెట్టారు. ఒక్క మనిషి మొదలుపెట్టిన పని మీద వేలాది వెబ్‌సైట్లు ఆధారపడి ఉన్నాయంటే నమ్మబుద్ధి కాదు. ఈ రంగంలో అది మామూలే.

కాటా దగ్గర మోసం

లోపం ఎలా ఉంటుందో చెప్పడానికి బోధన్ పాఠకులకు షుగర్ ఫ్యాక్టరీ కాటా కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1937లో నిజాం ప్రభుత్వ హయాంలో వెలసి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అయినా శక్కర్‌నగర్ కాటా ముందు బండ్లు బారులు తీరిన రోజులు ఈ ప్రాంతం వారు మరిచిపోలేదు.

రైతుకు కటింగ్ ఆర్డరు వస్తుంది. ఆర్డరులో ఒక బండి అని ఉంటే యార్డులో ఒక బండికి జాగా విడిచిపెడతారు. రైతు మూడు బండ్ల చెరకు తెచ్చి అదే జాగాలో దించుతూ పోయాడనుకోండి. కాగితంలో ఎంత ఉందో, వచ్చింది ఎంతో పోల్చి చూసే మనిషి లేకపోతే చెరకు పక్క జాగాలోకి పొర్లుతుంది. ఆ పక్కనే గుమాస్తా బల్ల ఉంది. బల్ల మీద ‘తర్వాత ఈ పని చేయవలెను’ అని ఫ్యాక్టరీ వారు రాసి పెట్టిన చీటీలున్నాయి. పొర్లిన చెరకు కింద అవి నలిగిపోయాయి. చెరకు మోపుల్లో బండివాడు దాచి తెచ్చిన వేరే చీటీలు బల్ల మీదికి చేరాయి. గుమాస్తా అమాయకుడు. బల్ల మీద ఏ చీటీ ఉంటే ఆ పని చేసుకుపోతాడు. ‘గేటు తాళం ఇచ్చేయవలెను’ అని ఉంటే ఇచ్చేస్తాడు.

ఫోటో లైబ్రరీలో జరిగేది అక్షరాలా ఇదే. ఫోటో ఫైలు మొదట్లో ‘నా కొలతలు ఇవి’ అని రాసి ఉంటుంది. దాని ప్రకారం ఫోను జ్ఞాపకశక్తిలో జాగా కేటాయిస్తారు. లోపల మాత్రం అంతకు మించిన సరుకు ఉంటుంది. ఈ లైబ్రరీల్లో చాలా వాటిని సీ అనే పాత భాషలో రాశారు. ఆ భాషలో ఎంత జాగా ఉందో, ఎంత నింపుతున్నామో ప్రతిచోటా రాసే మనిషే చూసుకోవాలి. లక్ష చోట్ల చూసుకుని ఒక్కచోట మరిచిపోతే ఆ ఒక్కచోటే దొంగకు దారి.

2000 సంవత్సరంలో నెట్‌స్కేప్ బ్రౌజరులో బయటపడిన లోపం దీనికి తొలి నాటి ఉదాహరణ. సోలార్ డిజైనర్ అనే మారుపేరుగల నిపుణుడు దానిని లోకానికి చెప్పాడు. జేపెగ్ ఫోటోలో వ్యాఖ్య రాసుకోవడానికి ఒక గది ఉంటుంది. గది పొడవు ఎంతో ముందు ఒక అంకె వేస్తారు. ఆ అంకె రాసిన రెండు అక్షరాల జాగా కూడా లెక్కలోకే వస్తుంది. కాబట్టి ఆ అంకె రెండుకు తగ్గడానికి వీల్లేదు. కాటా మీద బండితో సహా తూచి, ఖాళీ బండి బరువు తీసేసినట్టే ఇక్కడ రెండు తీసేస్తారు. దొంగ అక్కడ సున్నా వేశాడు. సున్నాలోంచి రెండు పోతే సున్నాకు తక్కువ కావాలి. కంప్యూటరుకు ఆ లెక్కలో సున్నాకు దిగువ అంకె లేదు. అది గిర్రున తిరిగి 429 కోట్లు దాటిన అంకె చూపించింది. అంత వ్యాఖ్య ఉందని నమ్మి నింపుతూ పోయింది. బండితో కలిపిన తూకం ఖాళీ బండి కంటే తక్కువ వస్తే మన కాటా గుమాస్తా ‘ఇదేంది పటేలా’ అని ఆపేవాడు. బ్రౌజరుకు ఆ పాటి అనుమానం రాలేదు.

విశేషమేమంటే సరిగ్గా ఇదే పొరపాటు, ఇదే వ్యాఖ్య గదిలో, నాలుగేళ్ళ తర్వాత 2004 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ వారి విండోస్‌లో మళ్ళీ దొరికింది. ఒకరి ఇంట్లో దొంగలు పడ్డారని తెలిసి కూడా పక్కింటివాడు అదే కిటికీ తెరిచి పడుకున్నట్టయింది. ఆ మరుసటి ఏడాది చివర విండోస్‌లోనే డబ్ల్యూఎంఎఫ్ అనే పాత బొమ్మల పద్ధతిలో ఇంకో దారి బయటపడింది. 1990 నాటి సౌకర్యం ఒకటి తీసేయకుండా ఉంచినందువల్ల వచ్చిన చిక్కు అది. అప్పటికే దొంగలు వాడుతున్నారని తెలిసి మైక్రోసాఫ్ట్ తన నెలవారీ గడువుకు ముందే 2006 జనవరి 5న మరమ్మతు విడుదల చేసింది.

వాట్సాప్‌లో జిఫ్, ఐఫోనులో జిరాక్స్ విద్య

ఇక మన చేతిలోని ఫోన్ల సంగతి. 2019లో ఆండ్రాయిడ్ వాట్సాప్‌లో కదిలే బొమ్మల, అంటే జిఫ్ ఫైళ్ళ లైబ్రరీలో లోపం దొరికింది. బొమ్మలో ఒక చట్రం కొలత సున్నా అని, ఆ తర్వాతి చట్రం కొలత కూడా సున్నా అని రాస్తే, ఆ లైబ్రరీ ఒకే జాగాను రెండుసార్లు ఖాళీ చేసినట్టు లెక్క రాసుకునేది. ఆ తర్వాత ఆ జాగానే ఇద్దరికి ఇచ్చేది. ఒకే ప్లాటును ఇద్దరికి రిజిస్ట్రీ చేసే పెద్దమనుషులు మనకు కొత్త కాదు. ఇక్కడ ఆ ఇద్దరిలో ఒకడు దొంగ. అలాంటి బొమ్మ ఫోనులో ఉండగా, ఏదో ఫోటో పంపుదామని వాట్సాప్‌లో గ్యాలరీ తెరిచినా చాలు, పని అయిపోయేది. ఫేస్‌బుక్ సంస్థకు తెలిపిన మీదట 2.19.244 నంబరు వాట్సాప్‌లో దీనిని సరిచేశారు.

2021లో బయటపడినది ఇంతకంటే విచిత్రం. దీనిని చెప్పాలంటే ముందు జిరాక్స్ సంగతి చెప్పాలి. కాగితాన్ని స్కాన్ చేసేటప్పుడు ఫైలు చిన్నది కావడానికి జేబిగ్2 అనే పద్ధతి ఉంది. పేజీలో వంద చోట్ల ‘అ’ ఉంటే వంద బొమ్మలు దాచుకోకుండా ఒక్క ‘అ’ దాచుకుని మిగతా చోట్ల దాని ముద్ర వేసుకుంటూ పోతుంది. తెలివైన పనే. కానీ 2013 ఆగస్టులో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ ఒక సంగతి బయటపెట్టారు. జిరాక్స్ కంపెనీవి కొన్ని మిషన్లు 6, 8 ఒకేలా ఉన్నాయనుకుని ఒకదాని చోట ఒకటి ముద్ర వేస్తున్నాయి. కాగితం శుభ్రంగానే కనిపిస్తుంది. అంకె మాత్రం మారిపోయింది. కంపెనీ తర్వాత మరమ్మతు ఇచ్చింది. సర్వే నంబర్లూ, ఎకరాలూ, గుంటలూ జిరాక్సు తీసి ఇచ్చే మన ఊళ్ళల్లో ఇలాంటిది జరిగితే ఎన్ని పంచాయతీలు అయ్యేవో ఊహించుకోవచ్చు.

ఆ జేబిగ్2 విప్పే సాఫ్ట్‌వేర్ ఐఫోనులో కూడా ఉంది. ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్‌ఎస్‌వో కంపెనీ, అంటే పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు, దానినే దారి చేసుకున్నారు. పేరు చివర జిఫ్ అని పెట్టి, లోపల వేరే రకం ఫైలు పంపించారు. సౌదీ అరేబియాకు చెందిన ఒక ఉద్యమకారుని ఫోనులో కెనడాలోని సిటిజన్ ల్యాబ్ వారు దానిని పట్టుకున్నారు. గూగుల్ నిపుణులు విప్పి చూస్తే 70 వేలకు పైగా ముద్రల ఆజ్ఞలతో బొమ్మ లోపలే ఒక చిన్న కంప్యూటరు కట్టి ఉందట. ఫోను యజమాని ఏమీ నొక్కలేదు, తెరవలేదు. సందేశం వచ్చి పడిన వెంటనే బొమ్మ సిద్ధం చేయబోయింది ఫోనే. ఆపిల్ 2021 సెప్టెంబరు 13న మరమ్మతు ఇచ్చింది. అన్నీ డిలీట్ కొట్టమన్న దుకాణం తమ్ముని సలహా ఎందుకు చాలదో దీనిని బట్టి తెలుస్తుంది. మనం చూసే లోపలే ఫోను చూసేస్తుంది.

ఒక్క గానుగ, వేల ఊళ్ళ చెరకు

అన్నిటికంటే పెద్దది 2023 సెప్టెంబరు సంగతి. గూగుల్ తయారుచేసిన వెబ్‌పీ అనే ఫోటో పద్ధతి 2010 నుంచి ఉంది. దాని లైబ్రరీలో, పొట్టి గుర్తుల పట్టిక తయారుచేసే చోట ఒక లోపం. సవ్యమైన ఫోటో ఏది వచ్చినా పట్టిక ఎంత పెద్దది కావచ్చునో రాసినవారు ముందే లెక్కగట్టి సరిగ్గా అంతే జాగా ఉంచారు. లెక్క తప్పు కాదు. కానీ అపసవ్యమైన ఫోటో వస్తే? అది అపసవ్యమో కాదో తేల్చే పరీక్ష పట్టిక నింపిన తర్వాత పెట్టారు. చెరకు దించాక కాటా వేసినట్టన్నమాట. మరమ్మతులో చేసిందీ ఇంతే. ముందు కొలిచి ఆ తర్వాత నింపేలా మార్చారు.

శక్కర్‌నగర్‌లో ఒక్క గానుగలో ఎన్నో ఊళ్ళ చెరకు ఆడినట్టే ఈ ఒక్క లైబ్రరీలో లోకం ఫోటోలు ఆడుతున్నాయి. గానుగలో ఇనుప ముక్క పడితే ఒక ఊరికి పోయేది కాదు. సెప్టెంబరు 7న ఆపిల్, 11న క్రోమ్ బ్రౌజరు, 12న ఫైర్‌ఫాక్స్, ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ ఎడ్జ్, టీమ్స్, స్కైప్ ఒకదాని వెంట ఒకటి మరమ్మతులు చేసుకున్నాయి. తొలుత గూగుల్ దీనిని క్రోమ్ లోపంగానే ప్రకటించింది. దాంతో, తాము క్రోమ్ కాదు గదా అని నిశ్చింతగా కూర్చున్నవారు కొందరు. తమ సరుకులో కూడా అదే బేరింగు ఉందని తెలిసేసరికి రోజులు గడిచాయి. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ లైబ్రరీ ఉందో దానిని అమ్మేవారికే సరిగ్గా తెలియకపోవడం ఇందులో బయటపడిన అసలు బలహీనత అని ఈ రచయిత అభిప్రాయం.

ఇంకొక సంగతి గమనార్హం. తప్పుడు ఫోటోలు కోట్ల సంఖ్యలో తయారుచేసి లైబ్రరీ మీద కుమ్మరించి ఎక్కడ కూలుతుందో చూసే యంత్ర పరీక్ష గూగుల్ వద్ద ఉంది. వెబ్‌పీ లైబ్రరీ ఆ పరీక్షకు ఏళ్ళ తరబడి నిలిచింది. అయినా లోపం కనబడలేదు. ఎన్ని వర్షాలకు ఆగినా చెరువు కట్టలో ఎలుక బొరియ ఉన్నదీ లేనిదీ చెప్పలేము కదా.

2025లోనూ ఇదే వరస. డీఎన్‌జీ అనే కెమెరా ఫోటోల పద్ధతిని విప్పే చోట సామ్‌సంగ్ ఫోన్లలో లోపం ఉండగా ఆ కంపెనీ ఏప్రిల్‌లో సరిచేసింది. దాని ద్వారా ల్యాండ్‌ఫాల్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌ను గెలాక్సీ ఎస్22, ఎస్23, ఎస్24 తదితర ఫోన్లలోకి పంపుతూ వచ్చారని అమెరికాకు చెందిన పాలో ఆల్టో సంస్థ నిపుణులు నవంబరులో వెల్లడించారు. ఆ ఫైళ్ళ పేర్లు వాట్సాప్‌లో వచ్చే ఫోటోల పేర్ల లాగానే ఉన్నాయి. ఇరాక్, ఇరాన్, టర్కీ, మొరాకో దేశాల వారు లక్ష్యం కావచ్చునని వారు పేర్కొన్నారు. ఆగస్టులో ఆపిల్ కూడా ఫోటోలు విప్పే తన సొంత లైబ్రరీలో ఒక లోపం మూసింది.

మనవాళ్ళకు ప్రమాదం ఎంత?

ఇరాక్ అనగానే గల్ఫ్ బాట పట్టిన కుటుంబాలకు గుండె ఝల్లుమనవచ్చు. అంత కంగారు అవసరం లేదు. పైన చెప్పిన నిఘా ఆయుధాలు మామూలు దొంగల చేతికి అందేవి కావు. వాటి ఖరీదు చాలా ఎక్కువ. వాటిని కొనేవారు ఒక్కో మనిషిని ఎంచుకుని వాడతారు. పాత్రికేయులు, న్యాయవాదులు, ఉద్యమకారులు, రాజకీయ నాయకులు అలాంటి వారిలో ముందుంటారు. పసుపు అమ్మిన రైతు ఖాతా కోసం ఎవరూ అంత మందుగుండు ఖర్చు పెట్టరు.

మనవాళ్ళ డబ్బు పోతున్న దారి వేరు. పెళ్ళి పత్రిక అని, ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. బొమ్మలాగే కనబడుతుంది. పేరు చివర మాత్రం ఏపీకే అని ఉంటుంది. అది ఫోటో కాదు, యాప్. నొక్కితే ‘ఇన్‌స్టాల్ చేయాలా’ అని ఫోనే అడుగుతుంది. అడిగిన దానికల్లా సరే అంటే బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలు నేరుగా దొంగకు పోతాయి. దీని గురించి రాష్ట్ర పోలీసులు పదే పదే హెచ్చరిస్తూనే ఉన్నారు. పెళ్ళి పత్రిక చూడడానికి ఏ యాప్ కూడా ఎక్కించుకోవలసిన పని లేదు. గులాబీ పువ్వును చూసి జడిసి, ఏపీకేను చూసి నొక్కడం మన దురదృష్టం.

మరి ఫోటో లోపాలతో మనకు నిమిత్తం లేదా అంటే ఉంది. రహస్యంగా ఉన్నంత కాలమే ఆ లోపం ఖరీదైనది. మరమ్మతు విడుదలైన రోజున అది ఎక్కడుందో అందరికీ తెలిసిపోతుంది. దొంగలు పాత సాఫ్ట్‌వేర్‌నూ కొత్త సాఫ్ట్‌వేర్‌నూ పక్క పక్కన పెట్టి ఏం మారిందో చూస్తారు. అప్పటి నుంచి మరమ్మతు అందని ఫోన్లన్నీ తలుపు తీసిన ఇళ్ళే.

అలాంటి ఫోన్లు మన ఇళ్ళల్లో ఎవరి చేతుల్లో ఉన్నాయో చూడండి. గల్ఫ్ నుంచి కొడుకు కొత్త ఫోను తెచ్చుకుంటాడు. పాతది తండ్రికి ఇస్తాడు. తండ్రిది తల్లికి చేరుతుంది. అద్దం పగిలి, టేపు అంటించిన ఆ మూడో చేతి ఫోనుకు కంపెనీ మరమ్మతులు ఆగిపోయి ఏళ్ళు అయి ఉంటాయి. కొడుకు కష్టార్జితం నెల నెలా వచ్చి పడేది మాత్రం తల్లి ఖాతాలోనో, తండ్రి ఖాతాలోనో. ఓటీపీ వచ్చేది ఆ పాత ఫోనుకే. ఇంట్లో ఎక్కువ డబ్బు కదిలే ఫోను ఇంట్లో అందరికంటే పాత ఫోను కావడం మన జిల్లాలో పరిపాటి అయింది. దీన్ని గురించి పట్టించుకున్నవారు తక్కువ.

చేయగలిగిన పని

2015 జులైలో స్టేజ్‌ఫ్రైట్ అనే వీడియో లైబ్రరీ లోపం 95 కోట్ల ఫోన్లలో ఉండవచ్చునని లెక్కగట్టిన తర్వాత, గూగుల్ ఆగస్టు నుంచి ఆండ్రాయిడ్‌కు నెల నెలా మరమ్మతుల జాబితా ఇవ్వడం మొదలుపెట్టింది. మీ ఫోనుకు ఏ నెల వరకు అందాయో చూసుకోవడం సులభం. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’లోకి, అక్కడి నుంచి ‘ఆండ్రాయిడ్ వెర్షన్’లోకి వెళితే ‘సెక్యూరిటీ అప్‌డేట్’ అని ఒక తేదీ కనబడుతుంది. కొన్ని ఫోన్లలో దారి కాస్త వేరుగా ఉండవచ్చు. తేదీ ఏడాది దాటినదైతే ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ నొక్కి చూడాలి. కొత్తది ఏమీ లేదని వస్తే ఆ ఫోనుకు కంపెనీ చేయి విడిచినట్టే లెక్క.

ఆ ఫోను వెంటనే పారేయమనడం లేదు. దుకాణాల్లో చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. కంపెనీ మరమ్మతులు ఆగినా యాప్‌ల మరమ్మతులు వెంటనే ఆగవు. వాట్సాప్ జిఫ్ లోపం వాట్సాప్ లోపల బిగించిన లైబ్రరీలో ఉంది కాబట్టి వాట్సాప్ కొత్తది వేసుకుంటేనే పోయింది. క్రోమ్ కూడా వెబ్‌పీ లైబ్రరీని తన వెంట తానే తెచ్చుకుంటుంది. కాబట్టి ప్లే స్టోరులో ఈ రెండింటికీ అప్‌డేట్ నొక్కితే పాత ఫోనులో సైతం ఆ మేరకు దారులు మూసుకుంటాయి. ‘జాగా లేదు’ అని ఫోను మొరాయిస్తే, ఆ గులాబీ పువ్వులు తీసేయడానికి ఇదే మంచి సమయం. గ్యాలరీ మాత్రం ఫోనుతో వచ్చిన లైబ్రరీలను వాడుతుంది. దానికి ఈ మందు పనిచేయదు. అందువల్ల వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’ కింద ఫోటోలు వాటంతట అవి దిగకుండా ఆపుకోవడం, తెలియని నంబరు నుంచి డాక్యుమెంటుగా వచ్చిన ఫోటోను తెరవకుండా ఉండడం కొంత మేలు. బ్యాంకు పని, ఫోన్‌పే పని మరమ్మతులు అందుతున్న ఫోనులోకి మార్చుకోవడం అన్నిటికంటే మేలు. కొత్త ఫోను తెచ్చిన కొడుకు సెలవు మీద వచ్చినప్పుడు ఈ మార్పిడికి అరగంట కేటాయిస్తే చాలు. ఐఫోను వాడే పాత్రికేయులు, న్యాయవాదుల కోసం ఆపిల్ 2022లో లాక్‌డౌన్ మోడ్ అనే కట్టుదిట్టమైన ఏర్పాటు తెచ్చింది. 2023 నాటి దాడిని అది అడ్డుకునేదని నిపుణులు తేల్చారు.

వెబ్‌సైట్లు కట్టే యువకులకు కూడా ఒక మాట. నిజామాబాద్‌లో 2023 ఆగస్టులో ఐటీ టవర్ ప్రారంభమైంది. పట్టణంలో కళాశాలలకు, ఆస్పత్రులకు, ఫంక్షన్ హాళ్ళకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చేవారు పెరిగారు. ‘మీ ఫోటో అప్‌లోడ్ చేయండి’ అని ఎక్కడ పెట్టినా, వచ్చిన ఫోటోను కుదించడానికి వెనుక ఒక లైబ్రరీ పనిచేస్తుంది. 2016 మే నెలలో ఇమేజ్‌మ్యాజిక్‌లో బయటపడిన లోపం అక్కడిదే. ఫోటో పేరుతో ఫైలు పంపి, అందులో రాసిన ఆజ్ఞలను సర్వరు చేత చేయించగలిగారు. అప్పుడు నిపుణులు చెప్పిన రెండు జాగ్రత్తలకు పైసా ఖర్చు లేదు. పేరు చివర జేపీజీ అని ఉంటే నమ్మకుండా ఫైలు మొదటి అక్షరాలు చూడాలి. నిజమైన జేపెగ్ ఎప్పుడూ ఎఫ్ఎఫ్, డీ8 అనే గుర్తులతో మొదలవుతుంది. రెండవది, అవసరం లేని ఫైలు రకాలను ఇమేజ్‌మ్యాజిక్ పాలసీ ఫైలులో మూసేయాలి. వెబ్‌సైటు కట్టి డబ్బు తీసుకుని వెళ్ళిపోయిన తర్వాత లైబ్రరీని కొత్తది చేసే బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాసుకునే అలవాటు మన దగ్గర ఇంకా రాలేదు.

పెద్ద కంపెనీలు కూడా మెల్లగా దారి మారుస్తున్నాయి. జాగా లెక్క మనిషికి వదలకుండా భాషే చూసుకునే రస్ట్ వంటి కొత్త భాషల్లో కొత్త పనులు రాస్తున్నారు. ఆండ్రాయిడ్ లోపాల్లో ఈ జాగా తప్పుల వాటా 2019లో నూటికి 76 ఉండగా 2024లో 24కు దిగిందని గూగుల్ ప్రకటించింది. కొత్త ఫోన్లకు ఈ మేలు అందుతుంది. మూడో చేతి ఫోన్లకు అందడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది.

డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే, అవతలి ఖాతాలో డబ్బు నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ. ఫోను చేసే ముందు బ్యాంకు పాసుబుక్కు, డబ్బు కోసినట్టు వచ్చిన మెసేజీ, ఆ వాట్సాప్ సందేశం పంపిన నంబరు దగ్గర పెట్టుకోవాలి. భయపడి ఆ సందేశాన్ని మాత్రం డిలీట్ కొట్టకూడదు. పోలీసులు మొదట అడిగేది అదే.